ఎడమచేతి కొలతకి ఒక కీప్యాడ్

ప్రశ్న: నేను గ్రాఫిక్ డిజైనర్‌ని. ఉండేది నిజాంపేట, ఆఫీసు మాదాపూర్. పగలంతా ఫోటోషాప్, ఇలస్ట్రేటర్. రాత్రి భోజనాలయ్యాక గంటన్నర కంప్యూటర్‌లో గేమ్స్. కుడిచేతిలో పెన్ను, ఎడమచెయ్యి కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌ల మధ్య మెలికలు తిరిగి సాయంత్రానికి మణికట్టు లాగేస్తోంది. డిజైనర్ల కోసం అమ్మే షార్ట్‌కట్ కీప్యాడ్‌ల ధరలు చూస్తే కళ్లు తిరిగాయి. అలాంటిది నేనే చేసుకోవచ్చా? పగలు పనికీ, రాత్రి ఆటకీ ఒకటే సరిపోతుందా? నాలుగు వేలకు మించి పెట్టలేను. సోల్డరింగ్ ఐరన్ ఇంతవరకూ పట్టుకోలేదు. ఇంకో మాట: నా గేమ్ కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటదే పైకి నడిచేస్తోంది. అది కూడా ఇంట్లో బాగుచేసుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు, నిజాంపేట

జవాబు: కీప్యాడ్ తప్పకుండా చేసుకోవచ్చు. ఐరన్, మల్టీమీటర్‌తో కలిపినా నాలుగు వేలలోపే అవుతుంది. పనికీ ఆటకీ ఒకటే చాలు, ఎందుకంటే రెండింట్లోనూ మీ కుడిచెయ్యి పెన్ను మీదో మౌస్ మీదో ఉంటుంది, కీలన్నీ ఎడమచేతి పనే. కంట్రోలర్ సంగతి చివర్లో చెబుతాం. దాని మీద ముందే చెయ్యి పెట్టకండి.

చాలామంది దీన్ని ఎలక్ట్రానిక్స్ పని అనుకుని వైర్లతో మొదలుపెడతారు. నెల తిరిగేసరికి ఆ కీప్యాడ్ సొరుగులోకి పోతుంది. వైరింగ్ తప్పి కాదు, కీలు చేతికి అందక. ఇందులో కష్టమైన భాగం కీలు ఎక్కడ ఉండాలన్నది తేల్చడం, అంటే అచ్చంగా మీ వృత్తి. అందుకని మొదటి వారం ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. ఒక స్టాంప్ ప్యాడ్, నాలుగు తెల్ల కాగితాలు, కొరియర్ పెట్టె అట్ట చాలు.

మీరు రోజూ కూర్చునే కుర్చీలో, రోజూ పనిచేసే బల్ల దగ్గరే కూర్చోండి. కాగితాన్ని బల్లకి టేపుతో అంటించండి. ఎడమచేతి నాలుగు వేళ్ల కొసలకీ బొటనవేలికీ సిరా అద్దుకుని, చెయ్యిని అలవాటుగా వాల్చి, కళ్లు మూసుకుని ఒక్కో వేలితో పదేసి సార్లు కాగితాన్ని తట్టండి. తర్వాత వేళ్లు కొంచెం చాపి పదిసార్లు, కొంచెం ముడిచి పదిసార్లు. అవే మీ పై వరస, కింది వరస. కళ్లు తెరిచి చూస్తే కాగితం మీద చుక్కల గుంపులు కనిపిస్తాయి. ఒక్కో గుంపు నడిమధ్య ఒక కీకి చోటు. మధ్యవేలి గుంపు చూపుడువేలి గుంపు కంటే నాలుగైదు మిల్లీమీటర్లు పైకి ఉండొచ్చు. చిటికెనవేలిది సెంటీమీటరు దాకా కిందికి జారి ఉంటుంది. గుంపు ఎంత చెదిరిందో కూడా గమనించండి. చూపుడువేలి చుక్కలు అర్ధరూపాయి బిళ్లంత చోటులో ఇమిడి, చిటికెనవేలివి చెల్లాచెదురుగా పడి ఉంటే, ఆ చెదిరిన చోట ముఖ్యమైన కీ పెట్టకూడదు. చూడకుండా నొక్కాలని చేసుకునే వస్తువు ఇది. చూసి నొక్కాల్సి వస్తే మామూలు కీబోర్డే మేలు.

చిటికెనవేలి కింది వరస స్థానం దాదాపు ఎవరికీ కుదరదు. దాన్ని తీసేయండి. నాలుగు వేళ్లకి మూడేసి చొప్పున పన్నెండులో ఒకటి పోతే పదకొండు. ఆ పన్నెండోది బొటనవేలికి ఇవ్వండి. ఈ మార్పిడి చాలా కలిసొస్తుంది. ఫోటోషాప్‌లో స్పేస్ నొక్కి పట్టుకుంటే కాన్వాస్‌ని జరిపే చెయ్యి గుర్తు వస్తుంది. చాలా కంప్యూటర్ గేముల్లో స్పేస్ అంటే దూకడం. రెండుచోట్లా బొటనవేలికి అదే కీ, అదే కదలిక. పగలు పడిన అలవాటు రాత్రి చెడదు.

ఈ పన్నెండు కాక ఒక తిప్పే గుండీ కావాలి. దుకాణంలో రోటరీ ఎన్‌కోడర్ అని అడగండి, రకం ఈసీ11. బ్రష్ సైజు, జూమ్ దీనికి అప్పగించాలి. ప్లేటు కుడి పైమూల, చూపుడువేలూ బొటనవేలూ కలిపి పట్టుకునే చోటు దానికి సరైనది. దాన్ని లోపలికి నొక్కితే స్విచ్‌లా కూడా పనిచేస్తుంది. ఏ కీ ఏం చెయ్యాలన్నది పగటి పనికి ఒక తీరుగా (పని వరస), రాత్రి ఆటకి ఇంకో తీరుగా (ఆట వరస) పెట్టుకుంటారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి ఆ నొక్కుడు వాడుకోండి.

ఏ కీకి ఏ షార్ట్‌కట్ అన్నది ఊహతో రాసుకోకండి. ఒక పనిరోజంతా పక్కన చీటీ పెట్టుకుని, ఎడమచేతితో ఏది నొక్కినా గీత గీయండి. సాయంత్రానికి లెక్క తేలుతుంది. అన్‌డూ, స్పేస్, సేవ్, ఆల్ట్ ముందుంటాయని అనుకోవచ్చు. అపురూపం అనుకున్న షార్ట్‌కట్‌లు రెండు గీతల దగ్గరే ఆగిపోతాయి. గీతలు ఎక్కువ పడ్డవి చూపుడువేలు, మధ్యవేలి నడి వరసలో ఉండాలి. షిఫ్ట్, కంట్రోల్ లాంటి పట్టి ఉంచే కీలు చిటికెనవేలికి. ఆటకి మధ్యవేలి నిలువు వరసలో పైన డబ్ల్యూ, నడుమ ఎస్, దానికి అటూఇటూ ఏ, డీ. కింది వరస మూడూ ఆటని బట్టి మార్చుకోండి.

ఇప్పుడు ఇలస్ట్రేటర్‌లో గీయండి. కీకీ కీకీ మధ్య దూరం మామూలు కీబోర్డులో 19.05 మి.మీ. నిలువు వరసలో ఆ దూరమే ఉంచి, వరసల్ని మీ సిరా చుక్కల ప్రకారం పైకీ కిందికీ జరపండి. స్విచ్ కూర్చునే రంధ్రం 14 మి.మీ. చదరం. గీసింది ప్రింట్ తీసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి 100 శాతం పెట్టండి. లేకపోతే ప్రింటర్ బొమ్మని కాస్త కుదించేస్తుంది, కంటికి తెలియదు. కాగితం అంచున 100 మి.మీ. గీత ఒకటి గీసి పెట్టుకుంటే స్కేలుతో కొలిచి రూఢి చేసుకోవచ్చు. ఆ ప్రింటుని అట్టకి అంటించి, కీల చోట ఎరేజర్ ముక్కలు కోసి అతికించి, రెండు రోజులు పనిచేస్తున్నప్పుడు చేతికింద ఉంచుకోండి. నొక్కితే ఏమీ జరగదు, జరగక్కర్లేదు. చెయ్యి ఎక్కడికి వెళ్లి ఏది వెతుక్కుంటోందో చూడటానికే అది. కనీసం ఒక్క కీ అయినా జరపాల్సి వస్తుంది. అట్ట మీద జరపడానికి కత్తెర చాలు, యాక్రిలిక్ మీద మళ్లీ డబ్బు.

సామాను సంగతి. మీకు జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్ దగ్గర. ఎల్బీనగర్ వైపు ఎర్ర లైను రైలెక్కితే మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కణ్నుంచి కోఠి గుజరాతీ గల్లీ నడక దూరమే. ఆదివారం వద్దు, శనివారం మధ్యాహ్నంలోగా వెళ్లండి. చీటీలో ఇవి రాసుకోండి: రాస్‌ప్‌బెర్రీ పై పికో బోర్డు (కీ నొక్కింది గుర్తించి కంప్యూటర్‌కి చెప్పే చిన్న బోర్డు) ఒకటి, ఈసీ11 ఎన్‌కోడర్ ఒకటి, 0.8 మి.మీ. సోల్డరింగ్ లెడ్ చిన్న చుట్ట, వేడి తగ్గించి పెంచే వీలున్న ఐరన్, బీప్ కొట్టే మల్టీమీటర్, సన్న వైరు, మైక్రో యూఎస్‌బీ డేటా కేబుల్. మెకానికల్ స్విచ్‌లు, వాటి మీద పెట్టే క్యాప్‌లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం తేలిక. పన్నెండు కావాలంటే పద్నాలుగు కొనండి. మొదటి టంకంలో ఒకటి రెండు పాడవడం మామూలే. ధరలు మారుతూ ఉంటాయి కానీ బోర్డు నాలుగైదు వందల్లో, స్విచ్ ఒక్కోటి ముప్పై నలభైలో వస్తే సరైన ధరే.

పికోనే ఎందుకంటే, 2021 జనవరిలో వచ్చిన ఈ బోర్డులో బయటి వైర్లకి 26 పిన్నులున్నాయి. మీకు కావాల్సినవి పన్నెండు కీలకి పన్నెండు, ఎన్‌కోడర్‌కి మూడు. అంటే ఒక్కో కీకి ఒక్కో పిన్ను ఇచ్చేయొచ్చు. కీలు ఎక్కువైతే అడ్డం నిలువు వరసలుగా కలిపి, కీకో డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) పెట్టే పద్ధతి ఒకటుంది. ఇంటర్నెట్‌లో కనిపించే బొమ్మలు ఎక్కువగా అవే. మీకు డయోడ్‌లు అక్కర్లేదు, వాటిని చూసి బెదరకండి. పిన్నులు ముందే టంకం వేసిన రకం కూడా వద్దు, వైర్లు నేరుగా బోర్డుకే వేస్తారు. పికో పేరుతో టైప్-సీ పోర్టున్న వేరే కంపెనీల బోర్డులు చూపిస్తే, పిన్నుల వరస అదేనా అని బోర్డు మీద అచ్చేసిన అంకెలు చూసి తీసుకోండి.

స్విచ్‌ల్లో మూడు తీర్లు. సాఫీగా దిగేది, మధ్యలో చిన్న గతుకు తగిలేది, టక్కుమని మోగేది. మీకు సాఫీది, 45 గ్రాముల బరువుకి నొక్కుకునేది తీసుకోండి. స్పేస్, షిఫ్ట్ లాంటివి పట్టి ఉంచాలి కాబట్టి బరువు స్ప్రింగు మణికట్టుకి మంచిది కాదు. మోగే రకం రాత్రి పదకొండింటికి అపార్ట్‌మెంట్‌లో పక్కగదికి వినిపిస్తుంది. క్యాప్‌లు అన్ని వరసలకీ ఒకే ఎత్తుండే రకం అడగండి, డీఎస్ఏ, ఎక్స్‌డీఏ అంటారు. మామూలు సెట్లలో వరసకో ఎత్తు ఉంటుంది, మీ వంకర వరసల్లో అవి ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. మీ డిజైనర్ మనసు వాటి మీద ఐకాన్‌లు అచ్చేయమంటుంది. ఒక నెల ఆగండి. కీల పని స్థిరపడకముందే అచ్చేస్తే, నచ్చని చోటునైనా బొమ్మ కోసం భరిస్తారు.

వైరు గురించి ఒక జాగ్రత్త. పాత ల్యాన్ కేబుల్ చీల్చితే లోపల ఎనిమిది రంగుల ఒంటిపోగు వైర్లు దొరుకుతాయి, ఈ పనికి చక్కగా సరిపోతాయి. కాకపోతే చవక కేబుళ్లలో పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉంటుంది. దానికి టంకం సరిగ్గా పట్టదు, రెండుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. కొసని బ్లేడుతో గీకి చూడండి. తెల్లగా మెరిస్తే పక్కన పడేయండి.

ప్లేటుకి 3 మి.మీ. యాక్రిలిక్ తీసుకోండి. నేమ్‌ప్లేట్లు, అక్షరాలు కోసే దుకాణాల్లో లేజర్ మెషిన్ ఉంటుంది, వాళ్లు చిన్న ముక్కకి కూడా కోసిస్తారేమో అడగండి. రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ ఇలాంటి నమూనాల తయారీకే పెట్టిన కేంద్రం. రేపు మీరు ఇంకాస్త పెద్ద వస్తువు తలపెడితే అది గుర్తుంచుకోండి. మెకానికల్ స్విచ్ కొక్కేలు 1.5 మి.మీ. మందం ప్లేటు కోసం చేసినవి, 3 మి.మీ.లో పట్టుకోవు. అలాగని సన్న యాక్రిలిక్ తీసుకుంటే రంధ్రాల మధ్య మిగిలేది 5 మి.మీ. బద్దే, క్యాప్ పీకినప్పుడు విరుగుతుంది. కాబట్టి 3 మి.మీ.లోనే బిగుతుగా కూర్చోబెట్టి, కింద నాలుగు మూలల్లో హాట్ గ్లూ చుక్క వేయండి.

బిగుతుగా కూర్చోవడానికో కిటుకుంది. లేజర్ గీత వెంట కొంత పదార్థం కాలిపోతుంది, అందుకని రంధ్రం మీరు గీసినదాని కంటే పెద్దదవుతుంది. 14 మి.మీ. గీస్తే 14.1 నుంచి 14.2 దాకా వచ్చి స్విచ్ ఊగులాడుతుంది. అసలు ప్లేటు కోయించేముందు వేస్ట్ ముక్క మీద 13.8, 13.85, 13.9, 14 కొలతల్లో నాలుగు రంధ్రాలు కోయించి, జేబులో స్విచ్ తీసుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. ఏది వేలితో నొక్కితే గట్టిగా దిగిందో ఆ కొలతతో మొత్తం మార్చండి. దుకాణంలో చాలావరకు కోరెల్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడతారు. ఇలస్ట్రేటర్ నుంచి డీఎక్స్ఎఫ్ ఫైల్‌గా ఇస్తే పాయింట్లు, మిల్లీమీటర్లు కలగాపులగమై బొమ్మ మూడింతలు పెద్దదైనా ఆశ్చర్యం లేదు. ఆ 100 మి.మీ. గీతని ఫైల్‌లోనూ ఉంచి, కోసేముందు వాళ్ల తెరమీద కొలిపించండి.

త్రీడీ ప్రింట్ ఆలోచన ఉంటే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు. 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో బ్యాగు వదిలేస్తే ప్లేటు అప్పడంలా వంకరపోతుంది. పీఈటీజీ ప్లాస్టిక్ అయితే ఫర్వాలేదు.

ఇక టంకం. స్విచ్‌లన్నీ ప్లేటులో కూర్చోబెట్టాకే మొదలుపెట్టండి. ఐరన్ 340 నుంచి 350 డిగ్రీలు. కిటికీ తెరిచి ఉంచండి, పొగ మీదికి వంగకండి, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. లెడ్ చుట్టలో సీసం ఉంటుంది. మొదట పాడైన రేడియో బోర్డో చార్జరో తెచ్చి ఒక ఇరవై అతుకులు వేసి తీయండి. చెయ్యాల్సిందేమిటంటే, ఐరన్ మొనని స్విచ్ కాలికీ వైరుకీ రెండింటికీ ఒకేసారి ఆనించి, ఒక క్షణం ఆగి, లెడ్‌ని ఐరన్‌కి కాకుండా వేడెక్కిన అతుక్కి తాకించాలి. అది కరిగి కాలి చుట్టూ పాకి, చిన్న గుడారంలా మెరుస్తూ నిలుస్తుంది. ముందు లెడ్, తర్వాత ఐరన్ తీసేయండి, చల్లారేదాకా కదపకండి. ఆవగింజలా గుండ్రంగా ముద్దకట్టి పైన కూర్చుంటే అది పట్టలేదన్నట్టే, బూడిద రంగులో గరుకుగా ఉంటే చల్లారేటప్పుడు కదిలిందన్నట్టు. మళ్లీ వేడి చేయండి. మొత్తం మూడు సెకన్లు దాటకూడదు. దాటితే కాలి చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి కాలు ఒరుగుతుంది, పై నుంచి చూస్తే బాగానే ఉన్నా కీ నొక్కితే ఒకసారి పలికి ఒకసారి పలకదు.

స్విచ్‌కి రెండు కాళ్లు. ఎటైనా ఒకటే. ఒక కాలు అన్నింటినీ కలుపుతూ ఒకే వైరు, అది గ్రౌండ్. రెండో కాలి నుంచి ఒక్కో వైరు పికోకి. బోర్డుని యూఎస్‌బీ పోర్టు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమవైపు పై నుంచి ఒకటో పిన్ను. అందులో 3, 8, 13, 18 గ్రౌండ్‌లు, అయిదేసి దూరంలో ఉంటాయి. జీపీ అంటే బోర్డు తన పిన్నులకి పెట్టుకున్న పేరు, దాని అంకె పిన్ను వరస అంకెతో కలవదు. మీ పన్నెండు కీలని జీపీ2 నుంచి జీపీ13 దాకా వేయండి, అంటే 4, 5, 6, 7, 9, 10, 11, 12, 14, 15, 16, 17 పిన్నులు. ఎన్‌కోడర్ ఒకవైపు మూడు కాళ్లలో నడిమిది గ్రౌండ్, అటూఇటూ ఉన్నవి జీపీ14, జీపీ15. ఈ రెండూ పక్కపక్క నంబర్లే కావాలి, వేరే చోట వేస్తే ఈ చిప్‌లో ఎన్‌కోడర్ కోడ్ మొరాయిస్తుంది. రెండోవైపు రెండు కాళ్లలో ఒకటి గ్రౌండ్, ఒకటి జీపీ17, అది కుడివైపు కింద నుంచి రెండో పిన్ను.

జీపీ0 నుంచి కాకుండా జీపీ2 నుంచి ఎందుకంటారా? జీపీ2040-సీఈ అని గేమ్‌ప్యాడ్‌ల కోసం ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. పికోకి దాని మామూలు అమరికలో ముఖ్యమైన బటన్లు జీపీ2 నుంచి 13 దాకానే ఉంటాయి. జీపీ17 నొక్కిపట్టి కేబుల్ పెడితే బ్రౌజర్‌లో సెట్టింగులు తెరుచుకుంటాయి. ఎప్పుడైనా ఫైటింగ్ గేమ్ కోసం దీన్నే గేమ్‌ప్యాడ్‌గా మార్చాలనిపిస్తే, ఒక్క వైరు కదపకుండా సాఫ్ట్‌వేర్ మార్చేస్తే సరిపోతుంది.

కంప్యూటర్‌కి పెట్టేముందు మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, గ్రౌండ్‌కీ కుడివైపు పైన ఉన్న 40వ పిన్నుకీ మధ్య ఆనించండి. బీప్ వస్తే ఎక్కడో వైర్లు కలిశాయి, పెట్టొద్దు. తర్వాత ఒక్కో కీ నొక్కుతూ దాని పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య చూడండి. నొక్కితేనే మోగాలి. పది నిమిషాల పని ఇది. మానేస్తే ఆ తప్పుని కోడ్‌లో గంటలకొద్దీ వెతుకుతారు. కేబుల్‌ని ప్లేటుకి జిప్ టైతో కట్టేయండి, లాగుడుకి మైక్రో యూఎస్‌బీ పోర్టు బోర్డు నుంచి ఊడొచ్చేస్తుంది.

ఏ కీ ఏం చెయ్యాలో బోర్డుకి చెప్పే కోడ్ రాయడానికి సర్క్యూట్‌పైథాన్ అనే సాఫ్ట్‌వేర్ తేలిక. బోర్డు మీది తెల్ల బటన్ నొక్కిపట్టి కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. అందులో సర్క్యూట్‌పైథాన్ యూఎఫ్2 ఫైల్ (బోర్డులోకి ఎక్కించే ఫైల్) వేస్తే తనే రీస్టార్ట్ అయి కొత్త డ్రైవ్‌గా వస్తుంది. ఏమీ కనిపించకపోతే ముందు కేబుల్ మార్చండి. ఇంట్లో పడి ఉన్న కేబుళ్లలో చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి, వాటిలో డేటా వైర్లుండవు. లైబ్రరీల (మీ కోడ్ వాడుకునే రెడీమేడ్ ఫైళ్ల) వెర్షన్ నంబరు, సర్క్యూట్‌పైథాన్ వెర్షన్ నంబరు మొదటి అంకె ఒకటే అయి ఉండాలి, లేకపోతే ఫైల్ కుదరదని ఎర్రర్ ఇస్తుంది. కోడ్ మార్చిన ప్రతిసారీ డ్రైవ్‌ని ఎజెక్ట్ చేశాకే కేబుల్ తీయండి. తొందరపడి లాగేస్తే ఫైళ్లు పాడవుతాయి, కాబట్టి ఇంకో కాపీ కంప్యూటర్‌లో ఉంచండి.

కోడ్‌లో మూడుచోట్ల తప్పులు దొర్లుతాయి. మొదటిదే అసలైనది. ఉదాహరణలుగా దొరికే కోడ్‌లో ఎక్కువగా ‘సెండ్’ అన్న ఆదేశం ఉంటుంది. అది కీని నొక్కి వెంటనే వదిలేస్తుంది. అన్‌డూకి బాగానే ఉంటుంది కానీ, స్పేస్ పట్టుకుంటే చెయ్యి గుర్తు మెరిసి మాయమవుతుంది, ఆటలో బొమ్మ ఒక్క అడుగేసి ఆగిపోతుంది. వేలు దిగినప్పుడు ‘ప్రెస్’, వేలు లేచినప్పుడు ‘రిలీజ్’ అని విడివిడిగా రాయాలి. అన్ని కీలకీ అలాగే రాయండి, అన్‌డూకి కూడా. రెండోది వేగం. సర్క్యూట్‌పైథాన్‌లో కీలని చదివే కీప్యాడ్ మాడ్యూల్, మీరేమీ చెప్పకపోతే 20 మిల్లీసెకన్లకోసారి కీలని చూస్తుంది. సెకనుకి 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక ఫ్రేము 16.67 మిల్లీసెకన్లు, అంటే నొక్కింది ఒక ఫ్రేము ఆలస్యంగా అందొచ్చు. ఆ ఇంటర్వల్‌ని 5 మిల్లీసెకన్లకి తగ్గించండి. ఇంకా తగ్గిస్తే లోహపు రేకులు తగిలేటప్పుడు పుట్టే వణుకు కూడా నొక్కుడుగా లెక్కకొచ్చి, ఒక్క నొక్కుకి రెండు అన్‌డూలు పడతాయి. మూడోది ఎన్‌కోడర్. రెండు టిక్కులు తిప్పితే గాని బ్రష్ ఒక మెట్టు మారకపోతే, డివైజర్ అన్న విలువ 4 నుంచి 2 చేయండి. తిరగాల్సిన దిక్కు తారుమారైతే కోడ్‌లో ఆ రెండు పిన్నుల వరస మారిస్తే చాలు.

తెలుగు పని చేసేవాళ్లకి వేరే చిక్కొకటి. బ్రష్ సైజుకి స్క్వేర్ బ్రాకెట్ కీలు పంపుతున్నారనుకోండి. మీరు యూనికోడ్‌లో ఒక హెడ్డింగ్ కొట్టి, కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అమరికలోనే ఉండిపోతే, కంప్యూటర్ దాన్ని బ్రాకెట్‌గా కాక ‘డ’గా చదువుతుంది. గుండీ తిప్పినా బ్రష్ కదలదు, తప్పు కీప్యాడ్‌దనిపిస్తుంది. పని వరసలో ఒక కీని విండోస్–స్పేస్‌కి ఇచ్చేయండి. అదే భాష మార్చే షార్ట్‌కట్.

ఆట వరసలో మాత్రం ఒక కీకి ఒకటే పని. ఒక్క నొక్కుతో నాలుగు చర్యలు వరసగా జరిగేలా పెట్టుకోవడం సొంతంగా ఆడుకునే ఆటల్లో మీ ఇష్టం. ఆన్‌లైన్‌లో వద్దు. కౌంటర్-స్ట్రైక్ 2 అనే షూటింగ్ గేమ్‌లో 2024 ఆగస్టు నుంచి, ఎదురెదురు దిక్కుల కీలని కీబోర్డే సర్దిపెట్టే సదుపాయం వాడితే అధికారిక సర్వర్ల నుంచి బయటికి పంపేస్తున్నారు. అవతల ఆడేవాళ్లకి కూడా అదే న్యాయం.

ఆఫీసుకి తీసుకెళ్లేముందు ఐటీ విభాగాన్ని అడగండి. చాలా కంపెనీల్లో పెన్‌డ్రైవ్‌ల మీద నిషేధం ఉంటుంది. మీ కీప్యాడ్ పెట్టగానే డ్రైవ్‌గా కూడా కనిపిస్తుంది కాబట్టి వాళ్లకి అలర్ట్ వెళ్లే అవకాశముంది. బోర్డు మొదలవగానే చదివే బూట్ ఫైల్‌లో ఒక్క పంక్తి రాస్తే డ్రైవ్ కనిపించదు, కీబోర్డు మాత్రమే కనిపిస్తుంది. ఆ పంక్తికి ‘బొటనవేలి కీ నొక్కిపట్టి కేబుల్ పెడితే తప్ప’ అన్న షరతు కలపండి. అది మరిచిపోతే మళ్లీ కోడ్ మార్చడానికి మీకే తలుపుండదు.

మణికట్టు సంగతి కూడా చూడండి. ప్లేటు, స్విచ్, క్యాప్ కలిసి రెండు సెంటీమీటర్ల ఎత్తు దాకా లేస్తాయి. చెయ్యి వెనక్కి వంగితే ఇంత కష్టం దండగ. మడిచిన చేతిరుమాలు మణికట్టు కింద పెట్టి, ముంజేయి, అరచెయ్యి ఒకే గీతలో ఉండే ఎత్తు కనుక్కోండి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం కీప్యాడ్ కోసం ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

కంట్రోలర్ విషయానికొస్తే, మామూలు స్టిక్ కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లుంటాయి, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి. వాటిలో కార్బన్ పూత మీద ఒక లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. మధ్య స్థానం దగ్గరే ఎక్కువ రాపిడి. పూత అరిగాక, వదిలేసినా సున్నా రాదు. మీది పైకి మాత్రమే నడుస్తోందంటే నిలువుది అరిగిందో, దుమ్ము చేరిందో అనుకోవాలి. ముందు బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ తెరిచి, స్టిక్‌ని గట్టిగా తిప్పి వదిలి ఎక్కడ ఆగుతోందో చూడండి. ప్రతిసారీ వేరే చోట ఆగితే దుమ్మయ్యుండొచ్చు. కంట్రోలర్ ఆపి, స్టిక్ అంచు నుంచి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, యాభైసార్లు గుండ్రంగా తిప్పి, గంట ఆరనివ్వండి. ఎప్పుడూ ఒకేచోట ఆగితే అది అరుగుదల, ఆల్కహాల్‌తో పోదు. ఆట సెట్టింగుల్లో డెడ్‌జోన్‌ని (స్టిక్ ఎంత కదిలేదాకా ఆట పట్టించుకోకూడదో ఆ హద్దుని) ఆ ఆగిన విలువ కంటే కొంచెం ఎక్కువ పెట్టండి. 9 శాతం దగ్గర ఆగుతుంటే 12 పెడితే నడక ఆగిపోతుంది. నెమ్మదిగా నడవాల్సిన చోట స్టిక్ కొంచెం మొద్దుగా అనిపిస్తుంది, అంతే.

అసలు మందు అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ మాడ్యూల్. అందులో రాసుకునేది ఏమీ లేదు. సెగా కంపెనీ 1998లోనే తన డ్రీమ్‌కాస్ట్ గేమ్ కన్సోల్ కంట్రోలర్‌లో ఈ పద్ధతి వాడింది. మార్చాలంటే మాత్రం పాత మాడ్యూల్ పద్నాలుగు కాళ్లనీ బోర్డు నుంచి విడిపించాలి. ఒక్క కాలు పట్టుకుని ఉండగా లాగితే బోర్డు మీది రాగి రేకు లేచొస్తుంది, దాంతో కంట్రోలర్ పనైపోయినట్టే. కీప్యాడ్‌కి నలభైకి పైగా అతుకులు వేసిన చెయ్యి అయ్యాక, పాడైన ఇంకో బోర్డు మీద టంకాన్ని పీల్చే డీసోల్డరింగ్ వైరుతో సాధన చేసి అప్పుడు తెరవండి. మాడ్యూల్ కొనేముందు మీ కంట్రోలర్ మోడల్‌కి సరిపోతుందో లేదో, బిగించాక కాలిబ్రేషన్ (స్టిక్ మధ్య స్థానం ఏదో కంట్రోలర్‌కి తెలియజెప్పడం) ఎలా చేయాలో ఆ అమ్మేవాళ్ల దగ్గరే అడిగి తెలుసుకోండి. కాలిబ్రేషన్ చేయకపోతే కొత్త స్టిక్ కూడా సున్నా దగ్గర నిలవదు.